పిల్లల ఇంటర్నెట్: చట్టాలు, సాంకేతికత, కొన్ని విశేషాలు

ఫోన్‌లో జాగ్రత్తగా ఉండమని ఇన్నేళ్లూ పిల్లలకే చెబుతూ వచ్చాం. ఆ బాధ్యత మొదట పెద్దలదీ, కంపెనీలదీ అని చట్టాలు ఇప్పుడు గట్టిగా అంటున్నాయి. ఆ మార్పును చూపే విశేషాలివి.

● ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లలో ఖాతాకు 13 ఏళ్లు నిండాలన్న నిబంధన మానసిక వైద్యులు తేల్చింది కాదు. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అమెరికా 1998లో చట్టం చేసింది. అనుమతులు తీసుకునే పని తప్పించుకోవడానికి చాలా కంపెనీలు ఆ వయసునే గీతగా గీసుకున్నాయి. కాబట్టి 13 నిండితే ఇక భయం లేదనుకోవడం పొరపాటు.

● మన చట్టం ఇంకా ముందుకెళ్లింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. కొన్ని మినహాయింపులు పోను, వాళ్లు ఏం చూస్తున్నారో వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కుదరదు. తప్పితే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉంటుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

● ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకు ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు బంద్. ఖాతా తెరిచిన పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. అడ్డుకోవడానికి తగిన చర్యలు తీసుకోని కంపెనీకి మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా పడుతుంది.

● పిల్లలు వాడే సేవలు మొదటి నుంచే భద్రంగా ఉండాలంటూ బ్రిటన్ 15 ప్రమాణాలు పెట్టింది. వాటికి కంపెనీలు తలొగ్గాల్సిన గడువు 2021 సెప్టెంబరు 2. ఆ గడువు ముంగిట్లోనే, ఒకదాని వెంట ఒకటిగా వీడియోలు వాటంతటవే నడిచే సదుపాయాన్ని 18 లోపు వాళ్లకు యూట్యూబ్ ఆపి ఉంచింది. టిక్‌టాక్ కూడా టీనేజీ పిల్లలకు రాత్రిపూట నోటిఫికేషన్లు ఆపేసింది. పిల్లల నిద్ర కాపాడటం కంపెనీలకు చేతకాని పని కాదని దీంతో తేలిపోయింది.

● పిల్లలపై లైంగిక హింసకు సంబంధించిన చిత్రాలను పట్టే ఫోటోడీఎన్‌ఏను 2009లో మైక్రోసాఫ్ట్, ఆచార్య హనీ ఫరీద్ కలిసి రూపొందించారు. అది ప్రతి చిత్రానికీ వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు తయారు చేస్తుంది. చిత్రం సైజు మార్చినా, కాస్త రంగు మార్చినా గుర్తుపట్టేస్తుంది.

● తన నగ్నచిత్రం బయటికి పొక్కుతుందని వణికిపోయే పిల్లల కోసం 2023లో ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ మొదలైంది. నడిపేది అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌సీఎంఈసీ. ఫొటో ఫోన్ దాటి వెళ్లదు. దాని అంకెల గుర్తు మాత్రమే వెళుతుంది. ఇందులో చేరిన కంపెనీలు దాన్ని బట్టి వెతికి, ఆ చిత్రాన్ని తొలగిస్తాయి. పేరు చెప్పక్కర్లేదు.

● పిల్లల అశ్లీల దృశ్యాలు ఫోన్‌లోకి దించుకుని చూడటం నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న కొట్టేసింది. అలాంటివి వాట్సాప్ గ్రూపులో వస్తే ‘చూడండి, ఎంత ఘోరమో’ అంటూ పంచడం కూడా ప్రమాదమే. ఫిర్యాదు చేయాలి, ముందుకు పంపకూడదు.

● 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద ఓ తెలుగు యూట్యూబర్ లైవ్‌లో అసభ్య వ్యాఖ్యలు చేశాడు. నటుడు సాయిధరమ్ తేజ్ బహిరంగంగా నిలదీశాక తెలంగాణ పోలీసులు కేసు పెట్టి అరెస్టు చేశారు. తప్పు పూర్తిగా ఆ మాటలన్నవాళ్లదే. అయినా మనం ముచ్చటపడి పెట్టిన పిల్లల వీడియో ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు. పిల్లల చిత్రాల విషయంలో వాళ్ల ఆంతరంగికతను కాపాడటం తల్లిదండ్రుల విధి అని ఫ్రాన్స్ అదే ఏడాది చట్టంలోనే రాసుకుంది.

● ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు గుంజితే 1930కి ఫోన్ చేయాలి. పిల్లల అశ్లీల దృశ్యాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు.

అయితే ఈ నంబర్లన్నీ పిల్లలు నోరు విప్పాకే పనికొస్తాయి. ‘ఇంట్లో తెలిస్తే తిడతారు, ఫోన్ లాక్కుంటారు’ అన్న భయమే బెదిరించేవాడి పెట్టుబడి. దాన్ని తీసేయడం మన చేతిలో ఉంది. ‘ఏం జరిగినా నాకు చెప్పు నాన్నా, నిన్ను తిట్టను’ అని ఈరోజే చెప్పండి. చెప్పిన రోజున ఆ మాట మీద నిలబడండి.