కంప్యూటరు తెరను శుభ్రపఱచు విధము

నేడు పెక్కు ఇండ్లలో కంప్యూటరు కలదు. పిల్లల పాఠములు, పెద్దల ఉద్యోగపు పనులు, దూరదేశములందున్న బిడ్డలతో సంభాషణములు దాని తెరమీదనే జరుగుచున్నవి. ఇంత యుపకారము చేయు తెరను ఎట్లు తుడువవలెనో మాత్రము మనలో అనేకు లెఱుగరు. నేనును ఒకప్పుడు ఎఱుగనివాడనే.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక విద్యార్థిని పిలిచి, తరగతిలోని కంప్యూటరు తెర దుమ్ముపట్టినది, తళతళలాడునట్లు తుడువుమని చెప్పితిని. అతడు శ్రద్ధగల బాలుడు. కిటికీ అద్దములను తుడుచు మందును తెరమీద చిమ్మి, బల్లలు తుడుచు గుడ్డతో బలముగా రుద్దెను. తడి యాఱిన పిమ్మట చూడగా తెర నడుమ తెల్లని మబ్బువంటి మచ్చ కనబడెను. క్రిందియంచున ఒక గీత నిలిచిపోయెను. నేను వానిని గట్టిగా కోపించితిని. ఆ రాత్రి ఆలోచింపగా, తప్పు వానిది కాదనియు, నేర్పకుండ ఆజ్ఞాపించిన నాదేననియు తోచినది. మఱునాడు తరగతి యెదుట వానితో ఆ మాటయే చెప్పితిని. ఆనాడు నేర్పవలసినదానిని ఇప్పుడు వ్రాయుచున్నాను.

మొదట తెర యెట్టిదో తెలిసికొనవలెను. పూర్వము పెట్టెవలె లావుగానుండిన మానిటర్ల ముందుభాగము దళసరి గాజు. ఇప్పటి పలుచని ఎల్.సి.డి. తెర అట్టిది కాదు. దీనిలో రెండు పలుచని గాజుపలకల నడుమ ద్రవస్ఫటికమను పదార్థముండును. ఇట్టి పదార్థముల వింతగుణమును 1888వ సంవత్సరమున ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు ఫ్రీడ్రిక్ రైనిట్జరు కనిపెట్టెను. పలకలకు వెలుపల, కాంతిని వడగట్టు ప్లాస్టిక్ పొర యొకటి అంటింపబడియుండును. పెక్కు తెరలలో దానిపైని, ఎదుటి వెలుతురు మెఱయకుండుటకై సన్నని పూత యుండును. కావున మనము సాధారణముగా తుడుచునది గాజును గాదు. ఈ పొరను, ఈ పూతను. వ్రేలితో తాకి నడపు తెరలకు పైన గాజున్నను, దానిమీద సైతము తఱచుగా పూత యుండును.

ఇది తెలిసినయెడల ఆ బాలుని తుడుపువలన కలిగిన నష్టమునకు కారణములు స్పష్టమగును. అద్దములు తుడుచు మందులలో కొన్నిటియందు అమోనియా యుండును. అది పూతను చెఱపును. గోళ్లరంగు తుడుచు ఎసిటోను ప్లాస్టికును కరగింపగలదు. ముదుక గుడ్డలును, కాగితములును సన్నని గీతలు పెట్టును. తెరమీద చిమ్మిన ద్రవము క్రిందికి జాఱి, చట్రపు సందులోనికి దిగి, అంచుననున్న విద్యుత్ భాగములను పాడుచేయును. బలముగా నొక్కుటవలన లోపలి పలకలకును హాని కలుగవచ్చును.

మఱి యెట్లు తుడువవలెను? మొదట కంప్యూటరును ఆపి, ప్లగ్గును ఊడదీయవలెను. తడిచేతితో స్విచ్చిని తాకరాదు. తెర వేడి తగ్గువఱకు ఆగవలెను. నల్లనైన తెరమీద దుమ్మును, వ్రేలిముద్రలును చక్కగా కనబడును.

రెండవది, కండ్లద్దములు తుడుచు మైక్రోఫైబరు గుడ్డను పొడిగా తీసికొని, ఒక చేతితో తెర వెనుక ఆనించి పట్టుకొని, పైనుండి క్రిందికి తేలికగా తుడువవలెను. దుమ్మును ముందుగా తీయక తడిగుడ్డతో రుద్దినయెడల ఇసుకరేణువులే గీతలు పెట్టును. నోటితో ఊదరాదు, ఉమ్మితుంపరలు క్రొత్త మరకలగును. అనేక పర్యాయములు ఇంతటితోనే పని ముగియును.

మూడవది, జిడ్డుమరకలు మిగిలినచో గుడ్డ కొనను నీటితో తడిపి, ఒక్క బొట్టయినను కాఱకుండునట్లు పిండి, మెల్లగా తుడువవలెను. నీటిని గుడ్డకే తాకింపవలెను గాని తెరకు కాదు. బోరునీటిలోని లవణములు ఆఱిన పిమ్మట తెల్లని చాఱలుగా నిలుచును. కావున బ్యాటరీలలో పోయు స్వేదనజలము మేలు. మొండి మరకను గోటితో గీకక, తడిగుడ్డతో మరల మరల మెల్లగా అద్దవలెను.

నాలుగవది, పొడిభాగముతో తడి నద్ది, పూర్తిగా ఆఱిన పిమ్మటనే విద్యుత్తు నీయవలెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలును కొందఱు తయారీదారులు తగిన పాళములో అనుమతింతురు, కొందఱు వలదందురు. కావున యంత్రముతో వచ్చిన పుస్తకమును చూడక దానిని వాడరాదు.

తుడుచు గుడ్డను ఉతికి, ఆఱబెట్టి, దుమ్ము సోకకుండ సంచిలో దాచవలెను. దానిని వేఱొక పనికి వాడరాదు. తెరను దినదినము తుడువ నక్కఱలేదు. వ్రేళ్లతో తాకకుండుటయే సగము శుభ్రత.

విద్యార్థులారా, ఇంటికి పోయి మీ తల్లిదండ్రులకు ఈ విధమును చేసి చూపుడు. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఉత్సాహముతో తెరను పాడుచేసినచో, కోపించుటకు ముందు, వానికి మనము నేర్పితిమా యని యొక్కమాఱు తలచుకొనుడు. నా వలన మాటపడిన ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు తరగతి తెరను తానే తుడిచెను; మఱి యొక్క గీతయైనను పడలేదు.