మెట్లు లేని బేస్ గిటార్

బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు తీగలుంటాయి. మామూలు గిటార్ కన్నా ఒక స్థాయి కిందికి, మంద్రంలో పలుకుతుంది. ఎడమచేతి వేళ్లు నొక్కే మెడ మీద, వీణకు ఉన్నట్టే, అడ్డంగా లోహపు మెట్లుంటాయి. వాయించేవాళ్లు వీటిని ఫ్రెట్లు అంటారు. ఆ మెట్లు లేకుండా, నున్నటి చెక్క మీదే తీగను నొక్కి వాయించేది ఫ్రెట్‌లెస్ బేస్.

ఈ తేడా తెలుగువారికి కొత్తది కాదు. వీణకు 24 మెట్లు, వాటిని మైనంలో కూర్చి కదలకుండా బిగిస్తారు. తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుడి కాలంలో, 17వ శతాబ్దం ఆరంభంలో, ఈ అమరిక స్థిరపడిందని ప్రతీతి. ఆ వీణకే మెట్లు లేకపోతే గోటువాద్యం, అంటే నేటి చిత్రవీణ. నున్నగా చెక్కిన నల్లటి చేవ కట్టె ముక్కను తీగల మీద జార్చుతూ దాన్ని వాయించడం పాత పద్ధతి. వీణ మీద గమకం కోసం తీగను పక్కకు లాగితే స్వరం పైకే పోతుంది. మెట్టు అడ్డం లేని వాద్యంలో వేలు ఎటు జారితే స్వరం అటు వెళ్తుంది. ఫ్రెట్‌లెస్ బేస్ కర్ణాటక సంగీతపు చెవికి సొంత మనిషి గొంతులా తోచడానికి కారణం ఇదే.

విద్యుత్ బేస్ చరిత్ర మాత్రం మెట్లతోనే మొదలైంది. అంతకు ముందు మంద్ర స్వరాలకు ఆధారం డబుల్ బేస్, నిలబెట్టి వాయించే ఆరడుగుల పెద్ద వయొలిన్. దానికి మెట్లు లేవు. మోసుకెళ్లడం కష్టం, తప్పు స్వరం పలకడం తేలిక. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తెచ్చిన వాద్యం పేరు ప్రెసిషన్ బేస్. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. మెట్టు ఉంది కాబట్టి స్వరం తప్పదన్న హామీ ఆ పేరులోనే ఉంది.

ఆ హామీ విలువ తెలియాలంటే కొలతలు చూడాలి. ఫెండర్ బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు, సుమారు 86 సెంటీమీటర్లు. అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మొదటి మెట్టు తీగ మొదలు నుంచి దాదాపు 4.8 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పైకి పోయేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గుతూ, 12వ మెట్టు దాటాక సగానికి వస్తుంది. అంటే వేలు 2 మిల్లీమీటర్లు పక్కకు పడితే కింది భాగంలో అరస్వరంలో నూటికి 4 వంతుల తేడా వస్తుంది, చెవికి పెద్దగా తెలియదు. అదే 2 మిల్లీమీటర్లు పైభాగంలో నూటికి 8 వంతులవుతుంది, పక్కన కీబోర్డు మోగుతుంటే తెలిసిపోతుంది. మెట్లున్న గిటార్‌లో వేలు రెండు మెట్ల మధ్య ఎక్కడ పడినా ఫరవాలేదు. మెట్లు లేనిదాన్లో మెట్టు ఉండాల్సిన చోటనే వేలు నిలవాలి.

తొలిసారి ఆ మెట్లను తీసేసింది ఒక సంగీతకారుడే. 1961లో ఇంగ్లండులో, తరవాత రోలింగ్ స్టోన్స్ సభ్యుడైన బిల్ వైమన్ ఒక చవక బేస్ కొన్నాడు. పాడైన మెట్లు ఊడదీసి కొత్తవి వేయాలనుకున్నాడు. మెట్లు లేకుండా మోగిన ధ్వని నచ్చి అలాగే ఉంచేశాడు. కర్మాగారంలో తయారై దుకాణానికి వచ్చిన మొదటి ఫ్రెట్‌లెస్ బేస్ 1966లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన ఏయూబీ-1. డబుల్ బేస్ మీది మక్కువతో దాని తలను వయొలిన్ తలలా చుట్టారు, ఒంటికి ఇటు నుంచి అటు దాకా ఎఫ్ ఆకారపు రంధ్రాలు కోశారు. 1970లో ఫెండర్ కూడా మెట్లు లేని ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి పెట్టింది. కచ్చితత్వం పేరుతో పుట్టిన వాద్యానికి కచ్చితత్వాన్నిచ్చే భాగమే తీసేశారు!

అయినా ఈ వాద్యాన్ని ప్రపంచానికి వినిపించింది జాకో పాస్టోరియస్. ఆయన చేతిలోది 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్. దాని మెట్లను వెన్న రాసే కత్తితో పెరికేశానని చెప్పుకునేవాడు. ఖాళీ అయిన గాట్లను చెక్క ముద్దతో పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూత వేశాడు. ఆ పూతకు కారణముంది. ఆయన వాడిన తీగలు గరుకువి, ఉక్కు తీగ మీద గుండ్రటి సన్నని తీగ చుట్టినవి. అవి మెత్తని చెక్కను ఆకురాయిలా అరగదీస్తాయి. పడవ పూత ఆ అరుగుదలను ఆపింది, గాజు మీద మోగినట్టు కొత్త మెరుపునూ ఇచ్చింది. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్, 1977లో వెదర్ రిపోర్ట్ బృందంతో చేసిన హెవీ వెదర్ విన్నాక మెట్లు పెరికిన కుర్రాళ్లకు లెక్కలేదు.

ఆ ధ్వనిలో ఏముంది? మెట్టు ఉంటే తీగ గట్టి లోహం అంచు మీద ఆగుతుంది. స్వరం ఒక్కసారిగా, స్పష్టంగా పుడుతుంది. మెట్టు లేకపోతే తీగ చివర మెత్తని వేలి కండ కింద ఉంటుంది. పై స్థాయి ఉపస్వరాలను కండ కొంత మింగేస్తుంది కాబట్టి ఆరంభం మృదువుగా ఉంటుంది. కంపించే తీగ మెడ చెక్కకు ఏటవాలుగా, వెంట్రుకవాసి ఎడంతో ఊగుతూ దాన్ని తాకీ తాకనట్టు రాసుకుంటుంది. ఆ రాపిడిలో ఉపస్వరాలు మళ్లీ పుడతాయి. అందుకే స్వరం మొదట మూసుకున్నట్టుండి, క్షణం ఆగి నోరు తెరిచినట్టు విచ్చుకుంటుంది. వాయించేవాళ్లు ఈ గుణానికి 'మ్వా' అని పేరు పెట్టుకున్నారు.

మెట్టు పోయాక ధ్వనికి ఆధారం చెక్క. సేకరించేవారు బ్రాండు పేరు కన్నా ముందు మెడ మీది చెక్కను చూడటం అందుకే. సాధారణంగా అది రోజ్‌వుడ్ లేదా ఎబొనీ. ఈ రెండింటి బంధువులూ ఖమ్మం జిల్లా పరిసరాల అడవుల్లో ఉన్నాయి. ప్రపంచ గిటార్ పరిశ్రమ ఇండియన్ రోజ్‌వుడ్ అనేది తెలుగువారి జిట్రేగి. ఎబొనీ జాతి డయోస్పైరస్. ఆఫ్రికా ఎబొనీ ఆ జాతిలోదే, తెలుగునాట తునికి చెట్టూ ఆ జాతిలోదే.

తల్లాడ నుంచి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, ఆపైన భద్రాచలం వైపు పోతే తునికి పేరు ఎండాకాలపు కూలికి మారుపేరు. పొదల కొమ్మలను చలి తగ్గగానే కొట్టేస్తే లేత చిగురు వస్తుంది. ఎండలు ముదిరాక ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. అది బీడీలకు పోతుంది. ఏటా ఇలా నరికే పొద మానుగా ఎదగదు. చేవ నల్లబడాలంటే తునికి దశాబ్దాల పాటు నిలబడాలి. ముదిరిన మానును అడ్డంగా కోస్తే బయట లేత రంగు మెత్తని వలయం, నడుమ బొగ్గులాంటి నల్లని చేవ కనిపిస్తాయి. పాశ్చాత్య వర్తకులు దీన్నే కోరమండల్ ఎబొనీ అన్నారు. ఆ చేవ బిగువుగా, సన్నని నారతో ఉంటుంది. తీగ రాపిడికి త్వరగా అరగదు, వేలు దాని మీద ఆగకుండా జారుతుంది. గోటువాద్యం ముక్కకూ, ఫ్రెట్‌లెస్ మెడకూ ఒకే జాతి కట్టె ఇష్టమైంది కేవలం నలుపు చూసి కాదు.

కలప కొరత సేకరణను ఇంకోలా తాకింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతర్జాతీయ వ్యాపారాన్ని 1992లో నిషేధించారు. 2017లో జిట్రేగితో సహా రోజ్‌వుడ్ జాతులన్నీ అంతర్జాతీయ నియంత్రణ కిందికి వచ్చాయి. పాత గిటార్ దేశం దాటాలంటే పత్రాలు అడిగే పరిస్థితి ఏర్పడింది. వాద్యకారుల మొర విని, తయారీ పూర్తయిన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఇవ్వలేదు.

పాత ఫ్రెట్‌లెస్ బేస్ దొరికినప్పుడు మొదటి ప్రశ్న: అది ఫ్యాక్టరీలో మెట్లు లేకుండానే పుట్టిందా, తరవాత పెరికారా? మెడ అంచును పక్కనుంచి వెలుతురులో చూస్తే పూడ్చిన గాట్ల కొసలు కనిపిస్తాయి. అయితే దీన్నొక్కదాన్నే నమ్మకూడదు, కొన్ని కంపెనీలు గురుతు కోసం తామే గీతలు పొదుగుతాయి. మెడను విప్పితే దాని మడమ మీద తేదీ ముద్ర ఉండొచ్చు. వాల్యూమ్ నాబ్ కింద, లోపల ఉండే పొటెన్షియోమీటర్ వెనక సంఖ్య మరో ఆధారం: 1376633 అని ఉంటే 137 తయారీదారు గుర్తు, 66 సంవత్సరం, 33 వారం. అంటే ఆ భాగం 1966 ఆగస్టులో తయారైంది, గిటార్ అంతకన్నా పాతది కాలేదు, ఆ భాగం మార్చి ఉంటే తప్ప. మెట్లు పెరికిన పాత గిటార్‌కు సేకర్తల దగ్గర ధర తగ్గుతుంది, వాయించేవాళ్లకు అదే వరం.

జాకో బేస్ మీద ఈ లెక్కలేవీ పనిచేయవు. అది 1986లో న్యూయార్క్‌లో దొంగల పాలైంది, మరుసటేడు ఆయన 35 ఏళ్లకే చనిపోయాడు. గిటార్ 2006లో అదే నగరంలో ఒక దుకాణంలో తేలింది. అది ఎవరిదన్న వివాదం నడిచాక మెటాలికా బృందపు బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుజిలో డబ్బు కట్టి విడిపించి, 2010లో కుటుంబానికి అందే ఏర్పాటు చేశాడు.

కొన్నాక జాగ్రత్త ఎక్కువగా మెడకే కావాలి. ఖమ్మం వేసవి ఎండకు చెక్క ఎండి ముడుచుకుంటుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. మెట్లున్న గిటార్‌లో చిన్న వంపు దాగిపోతుంది. మెట్లు లేనిదాన్లో ఆ వంపుకే 'మ్వా' పోతుంది, లేదా తీగ గరగరలాడుతుంది. వంపు సరిచేసేటప్పుడు మెడలోపలి ఉక్కు కడ్డీని పావు చుట్టు కన్నా ఎక్కువ ఒక్కసారి తిప్పకుండా, ఒక రాత్రి ఆగి మళ్లీ చూసుకోవాలి. పూత లేని జిట్రేగి మెడ అయితే నున్నటి చుట్టు తీగలే వేయాలి. ఎబొనీ అయినా, గరుకు తీగలతో వాయించిన ఏడాదికి వేలు ఎక్కువగా జారే మూడు నాలుగు చోట్ల సన్నని గాళ్లు పడతాయి.