స్లౌ తంతి నేర్పిన పాఠం

స్లౌ అనగానే మనకు పారిశ్రామిక వాడ, సమీపంలోని హీత్రో విమానాశ్రయం స్ఫురిస్తాయి. సమాచార ప్రసార చరిత్రలో కూడ ఈ పట్టణానికి ఒక విశిష్ట స్థానమున్నదని మనలో కొద్దిమందికే తెలుసు.

1845 జనవరి 1వ తేదీ సాయంత్రం స్లౌ చెంతనున్న సాల్ట్ హిల్‌లో సారా హార్ట్ అనే స్త్రీ విషప్రయోగానికి గురై మరణించింది. అనుమానితుడు జాన్ టావెల్ అప్పటికే లండన్ రైలెక్కాడు. అయితే స్లౌ నుండి పాడింగ్టన్ వరకు 1843 నాటికే కుక్, వీట్‌స్టన్‌ల విద్యుత్ టెలిగ్రాఫ్ ఏర్పడి ఉన్నది. తంతి వార్త రైలుకంటె ముందే చేరింది.

అతనిని పట్టించినది కేవలం విద్యుత్తు వేగమేనా? "అనుమానాస్పదుడొకడు వస్తున్నాడు" అని మాత్రమే పంపి ఉంటే, ఆ జనసమ్మర్దంలో ఎవరిని పట్టుకునేవారు? ఆ వార్తలో 7 గంటల 42 నిమిషాల రైలు, మొదటి తరగతి పెట్టెలలో రెండవది, దానిలో చివరి గది, పాదాలను తాకే గోధుమరంగు కోటు, క్వేకర్ అనే క్రైస్తవ శాఖవారి వేషం పేర్కొనబడ్డాయి. ఆ యంత్రంలో 'క్యూ' అక్షరమే లేదు; 'క్వేకర్' పదాన్ని 'కె', 'డబ్ల్యు'లతో పంపవలసి వచ్చింది. అయినా తక్కిన వివరాల నిర్దిష్టత ఆ లోపాన్ని పూరించింది. టావెల్‌ను పాడింగ్టన్‌లో గుర్తించి వెంబడించారు, మరునాడు నిర్బంధించారు.

విచారణలో మరొక పాఠమున్నది. మృతురాలి ఉదరంలో ప్రూసిక్ ఆమ్లం, అనగా హైడ్రోజన్ సయనైడ్, కనిపించింది. ఆమె తిన్న ఆపిల్ గింజల నుండే అది వచ్చి ఉండవచ్చునని ప్రతివాది న్యాయవాది వాదించాడు. ఆ గింజలలో సయనైడ్‌ను పుట్టించే పదార్థమున్న మాట నిజమే. కాని రసాయన శాస్త్రంలో "ఉన్నది" అనడం సగం సమాధానమే, "ఎంత ఉన్నది?" అన్నదే అసలు ప్రశ్న. ఆ వాదం నిలువలేదు. టావెల్‌కు ఉరిశిక్ష అమలయింది.

ఇక మన ఇళ్లకు వద్దాం. వంటలో "తగినంత ఉప్పు" అంటే చేయి తిరిగినవారికి చాలును. స్వదేశంలోని వృద్ధ తల్లిదండ్రులకు ఫోనులో "ఒక చెంచా మందు" అని చెబితే చాలదు. టీ చెంచా 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, మోతాదు మూడింతలవుతుంది. "రేపు ఆరింటికి" అన్నప్పుడు అది ఎవరి ఆరు? భారత కాలం మనకంటె వేసవిలో నాలుగున్నర గంటలు, శీతకాలంలో ఐదున్నర గంటలు ముందుంటుంది.

నేడు వార్త క్షణంలో ఖండాలు దాటుతున్నది. అందులోని అస్పష్టత కూడ అంతే వేగంగా దాటుతుందని మరువరాదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడింటినీ చెప్పి, విన్నవారిచేత తిరిగి చెప్పించుకోవడం మన పిల్లలకు కూడ అలవాటు చేయదగిన శాస్త్రీయ పద్ధతి.