విదేశీ రుణ సహాయం, సంస్కరణలు: ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంత అనుభవం

విదేశీ సహాయ సంస్థలు గ్రహీత ప్రభుత్వాల ఆర్థిక విధానాలను ప్రధానంగా మూడు మార్గాలలో ప్రభావితం చేస్తాయి. నిధుల విడుదలకు విధించే షరతులు మొదటిది. నిపుణుల సలహాలు, పథక నమూనాలు రెండవది. ప్రభుత్వంలో సంస్కరణను కోరే వర్గానికి బలం చేకూర్చడం మూడవది. 1998లో ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ పథకంలో ఈ మూడు మార్గాలూ కనిపిస్తాయి. విద్య, ఆరోగ్యం, నీటిపారుదల, రహదారులతో పాటు ప్రభుత్వ వ్యయ సంస్కరణ కూడ అందులో భాగమైనది.

అటవీ రంగంలో ఈ ప్రభావం భిన్నమైనది. అడవుల రక్షణలో ప్రజలను భాగస్వాములను చేయవలెనన్న ఆలోచన రుణంతో పాటు వచ్చినది కాదు. 1988 జాతీయ అటవీ విధానం, 1990 కేంద్ర మార్గదర్శకాలు, 1992 రాష్ట్ర ఉత్తర్వులు దానికి ముందే పునాది వేసినవి. ప్రపంచ బ్యాంకు సహాయంతో 1994లో అటవీ పథకం, 2002లో సాముదాయిక అటవీ యాజమాన్య పథకం వచ్చిన తరువాతనే వన సంరక్షణ సమితులు వేల సంఖ్యలో విస్తరించినవి. అనగా, దాత విధానాన్ని సృష్టించలేదు. దాని వేగాన్ని, స్వరూపాన్ని నిర్ణయించినది.

భద్రాచలం, పాల్వంచ అటవీ ప్రాంతాలలో ఈ విస్తరణకు పోడు సమస్య ఎదురైనది. కోయ, కొండరెడ్డి కుటుంబాలకు పోడు భూమి జొన్న, కంది పండించే జీవనాధారం. అటవీ శాఖ లెక్కలో అది ఆక్రమణ. అట్టి భూమి సమితి తోటల క్రిందికి పోయినచోట, మొక్కలు నాటే పనికి లభించే కొద్ది రోజుల కూలి ఏటేటా వచ్చే తిండిగింజలకు ప్రత్యామ్నాయం కాజాలదు. నాటిన మొక్కల సంఖ్య పథక నివేదికకు ఎక్కుతుంది. తగ్గిన పంట విస్తీర్ణం ఎక్కడం అరుదు.

2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల హక్కును గుర్తించి, ఆ ప్రక్రియను ప్రారంభించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చినది. అయినను రాష్ట్రంలో పలుచోట్ల సామూహిక హక్కు పత్రాలు గ్రామసభలకు బదులు వన సంరక్షణ సమితుల పేరిట జారీ అయినవి. రుణకాలం ముగిసినను, రుణం పెంచిన సంస్థ నిలిచిపోవుటకు ఇది నిదర్శనం.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఏ సహాయ పథకాన్ని పరిశీలించినను మూడు ప్రశ్నలు వేసుకొనుట అవసరం. ఈ సంస్కరణ ఎవరి ఆలోచన? భూమిపై హక్కు ఎవరిది? నిధులు ఆగిన తరువాత నిర్ణయాధికారం ఎవరి చేతిలో మిగులుతుంది? వీటిలో రెండవదానికి సమాధానం తేలకముందే మొక్కల పంపిణీ ప్రారంభించరాదు.