కాళ్ళ కింది పలక

2013 ఏప్రిల్ 16, మంగళవారం. మధ్యాహ్నం పావు తక్కువ రెండు. దోహా వెస్ట్ బేలో, ఇరవై అంతస్తుల పైన మా ఆఫీసు. కప్పులో టీ ఒక పక్కకి ఒరిగింది. కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకున్నాను. కిటికీ పరదాలు కూడా ఊగుతున్నాయి. అందరం మెట్ల మీదుగా పరుగు.

కింద రోడ్డు మీద, మా ఆఫీసులో టీ ఇచ్చే జగిత్యాల కుర్రాడు నా పక్కనే నిలబడ్డాడు. వీసా కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. "నాకేమన్నయితే ఇంటికాడ అప్పు ఎవరు కడ్తరన్నా? అసలు ఈ ఎడారిల భూమి ఎందుకు ఊగుతది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. భూకంపం వచ్చింది ఇక్కడ కాదు, వెయ్యి కిలోమీటర్ల అవతల ఇరాన్‌లో, సరావాన్ దగ్గర. తీవ్రత 7.7. సరిహద్దుకు అవతల పాకిస్తాన్‌లోని మాష్కేల్‌లో మట్టి ఇళ్ళు కూలి ముప్పై మందికి పైగా పోయారు. అంత దూరం వచ్చేసరికి చిన్న కుదుపులు అణిగిపోతాయి. నిదానంగా ఊగే పెద్ద అలలు మాత్రం మిగులుతాయి. వాటి లయ ఎత్తైన భవనాల లయతో కలుస్తుంది. అందుకే మేము ఊగాం, కింద నడిచేవాళ్ళలో చాలామందికి తెలియనే లేదు.

అసలు సంగతి ఇంకా లోతున ఉంది. ఖతార్ ఉన్నది అరేబియా పలక మీద. అది ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు, మన గోళ్ళు పెరిగేంత వేగంతో, ఉత్తరంగా జరుగుతోంది. మనకెదురుగా ఇరాన్‌లో ఖండమూ ఖండమూ ఢీకొన్నాయి. ఖండపు రాయి తేలిక, మునగదు. అందుకే ముడతలు పడి జాగ్రోస్ పర్వతాలయింది. తూర్పున మక్రాన్ తీరంలో కథ వేరు. అక్కడ ఈ పలక అంచు సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ళుగా చల్లబడి బరువెక్కిన రాయి. అది యురేషియా పలక కిందికి దూరి, మాంటిల్‌లోకి దిగిపోతోంది. మాంటిల్ ద్రవం కాదు, గట్టి రాయే. కానీ లక్షల ఏళ్ళ లెక్కన మైనంలా సాగుతుంది. మునిగిన కొస తన బరువుతో వెనకున్న పలకనీ లాగుతుంది. అలా వంగుతూ, సాగుతూ, ఆ రోజు ఎనభై కిలోమీటర్ల లోతున ఒకచోట విరిగింది. అంత లోతు కాబట్టే నష్టం ఆమాత్రంతో ఆగింది. 1945 నవంబరులో అదే మక్రాన్‌లో, పలకలు రెండూ ఒరుసుకునే చోటే జారితే సునామీ బొంబాయి దాకా వచ్చింది.

అంటే ఆ రోజు విరిగింది పరాయి నేల కాదు, మేము నిలబడ్డ పలకకే అవతలి కొస.

కుర్రాడు మూడేళ్ళకి ఇంటికి వెళ్ళిపోయాడు. ఈమధ్య ఫోన్ చేస్తే, ఆనాటి ప్రశ్నకి జవాబుగా ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"గోళ్ళు పెరిగినంత మెల్లగనా అన్నా?" అన్నాడు నవ్వుతూ. "నా అప్పు గూడ గట్లనే తీరింది."