బిళ్ల ఉన్నోళ్లకేనా దవాఖాన?

గని కార్మికుడి వైద్యం విషయంలో 1946లో బ్రిటన్ ఒక దారి పట్టింది, అమెరికా ఇంకో దారి పట్టింది. సింగరేణి బొగ్గు ఊరు మందమర్రి ఇప్పటికీ ఆ రెండు దారుల మధ్యే ఉంది.

‘అభ్యుదయ భావాలంటే బ్రిటన్‌లో ఒక తీరు, అమెరికాలో ఇంకో తీరు. ఎందుకలా? గురువారం సాయంత్రానికి ముఖచిత్ర కథనం కావాలి’ అన్నారు ఎడిటర్. పార్టీల చరిత్రలు, ఎన్నికల లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. అవన్నీ పక్కకు పోయాయి. ఒక ఫోటో దగ్గర ఆగిపోయాను.

1946 సెప్టెంబరులో తీసిన ఫోటో అది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, హార్లన్ కౌంటీలో ఒక బొగ్గు గని. షిఫ్టు దిగి వచ్చిన కోల్ లోడర్ చెయ్యెత్తి, తన నంబరున్న బిళ్లను బోర్డు మీది మేకుకు తగిలిస్తున్నాడు. ఆ బోర్డు నిండా బిళ్లలే. మేకుకు బిళ్ల ఉంటే మనిషి క్షేమంగా పైకొచ్చినట్టు, లేకపోతే ఇంకా లోపలే ఉన్నట్టు. ఫోటో తీసింది రసెల్ లీ. అమెరికా ప్రభుత్వమే పంపితే బొగ్గు ఊళ్లన్నీ తిరిగి వేల ఫోటోలు తీశాడు. అవి ఇప్పుడు ఆ దేశపు జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి.

మందమర్రిలో కేకే-5 గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఆ ఫోటో చూపించాను. కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

‘‘గిది మన ల్యాంప్ రూం లెక్కనే ఉన్నది గదా బిడ్డా!’’

‘‘మనది కాదు కాకా, అమెరికాది.’’

మిగతా ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. కంపెనీ ఇళ్లు, బయటి నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు, డాక్టరు దగ్గర వరసలో కూర్చున్న తల్లులు. చివరికి ఒకటే మాట అడిగాడు: ‘‘ఆళ్ల బాయి బందైతే దవాఖాన ఉంటదా, పోతదా?’’

ఈ కథనమంతా ఆయన ప్రశ్నకు జవాబే.

టన్నుకు ఐదు సెంట్లు

1946 వసంతంలో అమెరికా బొగ్గు కార్మికులు సమ్మెకు దిగారు. మే 21న అధ్యక్షుడు ట్రూమన్ గనులను ప్రభుత్వ స్వాధీనంలోకి తీసుకున్నాడు. మే 29న కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్, ప్రభుత్వం తరఫున మంత్రి జూలియస్ క్రుగ్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. తవ్విన ప్రతి టన్ను బొగ్గుకూ ఐదు సెంట్ల చొప్పున కార్మికుల సంక్షేమ నిధికి జమ కావాలన్నది అందులో ఒక షరతు. బొగ్గు ఊళ్లలో వైద్యం, పారిశుద్ధ్యం, ఇళ్లు ఎలా ఉన్నాయో ప్రభుత్వం సర్వే చేయించాలన్నది ఇంకొకటి. లీ ఫోటోలు ఆ సర్వే కోసం తీసినవే.

సర్వే బాధ్యతను నౌకాదళ వైద్యాధికారి, రియర్ అడ్మిరల్ జోయెల్ బూన్‌కు అప్పగించారు. 1947లో వచ్చిన ఆ నివేదిక కంపెనీల మొహం చూసి రాసింది కాదు. డాక్టరు జీతం కార్మికుడి కూలీలోంచే కోస్తారు. ఆ డాక్టరును పెట్టేదీ తీసేసేదీ మాత్రం చాలాచోట్ల కంపెనీయే. ఆస్పత్రుల్లో కనీస సదుపాయాలు కూడా లేనివి ఎన్నో. ఇవన్నీ ప్రభుత్వ ముద్రతో అచ్చయ్యాయి.

ఆ నిధి చేసిన మేలు చిన్నది కాదు. పైకప్పు కూలి నడుం విరిగి, ఏళ్ల తరబడి ఇంటి వెనక గదుల్లో మంచానికే అతుక్కుపోయిన కార్మికులను వెతికి పట్టుకుని, రైళ్లలో ఎక్కించి, కాలిఫోర్నియా, న్యూయార్క్‌ల్లోని పునరావాస కేంద్రాలకు పంపారు. కొందరు మళ్లీ లేచి నడిచారు. 1956 నాటికి కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా కొండల్లో యూనియన్ పది కొత్త ఆస్పత్రులు తెరిచింది. ఒక కార్మిక సంఘం అంత పని చేసిందంటే ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే.

కానీ డబ్బు వచ్చేది టన్ను లెక్కన. రైళ్లు డీజిల్‌కు మారాయి, ఇళ్లలోకి గ్యాస్ వచ్చింది, గనుల్లోకి యంత్రాలు దిగాయి. నిధి ఒట్టిపోయింది. 1960ల మొదట్లో, పని పోయిన వాళ్ల హెల్త్ కార్డులు వెనక్కి తీసుకున్నారు. నిధికి డబ్బు కట్టని గనుల్లో పనిచేసేవాళ్లవీ పోయాయి. 1962లో ఆస్పత్రులనే వదిలించుకుంటామన్నారు. తూర్పు కెంటకీలో కార్మికులు గని నుంచి గనికి కార్లలో తిరుగుతూ పికెటింగ్ చేశారు. చివరికి ఆ ఆస్పత్రులు చర్చి చొరవతో ఏర్పడిన ఒక సంస్థ చేతికి వెళ్లాయి.

పెద్దాయన ప్రశ్నకు అమెరికా ఇచ్చిన జవాబు ఇది: బాయి బందైతే దవాఖాన పోతది.

వేల్స్‌లో ఒక ఊరు

బ్రిటన్ జవాబు వేల్స్‌లోని ట్రెడిగర్‌లో మొదలైంది. ఆ ఊళ్లో బొగ్గు, ఉక్కు కార్మికులు 1890లో ఒక వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. సంపాదించే ప్రతి పౌనుకూ మూడు పెన్నీలు చందా. డాక్టర్లను పెట్టుకున్నది కంపెనీ కాదు, కార్మికుల కమిటీ. క్రమంగా దాదాపు ఊరంతా ఆ సంఘం నీడలోకి వచ్చింది. ‘ది సిటడెల్’ నవల రాసిన ఎ.జె. క్రోనిన్ 1920ల్లో అక్కడ డాక్టరుగా పనిచేశాడు.

ఆ ఊరివాడే అనైరిన్ బెవన్. పదమూడో ఏట గనిలోకి దిగాడు. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై తండ్రి 1925లో కన్నుమూశాడు. అప్పటికి ఆ జబ్బు పరిహారపు జాబితాలో లేదు కాబట్టి ఇంటికి పైసా రాలేదు. బెవన్ ఊరి ఆస్పత్రి కమిటీలో పనిచేశాడు, పార్లమెంటుకు వెళ్లాడు, 1945లో ఆరోగ్య మంత్రి అయ్యాడు. తన ఊరికున్నది దేశమంతటికీ ఉండాలన్నాడు. జాతీయ ఆరోగ్య సేవ చట్టం 1946 నవంబరులో వచ్చింది. ప్రతిపక్ష కన్సర్వేటివ్‌లు వ్యతిరేకంగా ఓటేశారు. డాక్టర్ల సంఘం నిర్వహించిన ఓటింగులో అత్యధికులు వద్దన్నారు. అయినా 1948 జులై 5న సేవలు మొదలయ్యాయి. 1951లో చర్చిల్ మళ్లీ గద్దెనెక్కినా దాన్ని ఎత్తేయలేదు.

1984-85 సమ్మె ఓడిపోయాక థాచర్ ప్రభుత్వం గనులను ఒక్కొక్కటే మూసేసింది. ఊళ్లకు ఊళ్లు పని లేక కుంగిపోయాయి. కానీ గని పోయినంత మాత్రాన ఆ కార్మికుడికి డాక్టరు పోలేదు. పేరు మస్టర్‌లో ఉందా లేదా అని ఏ ఆస్పత్రీ అడగలేదు. నాకు ఈ దారే ఇష్టం. దాచుకోవాల్సిన అవసరం లేదు.

తేడా ఎందుకొచ్చిందో గబగబా చెప్పేస్తాను. బ్రిటన్ గని కార్మికుల సమాఖ్య 1909లోనే లేబర్ పార్టీలో చేరి, తన మనుషులను పార్లమెంటుకు పంపుకుంది. అక్కడ కోరిక చట్టం రూపం తీసుకుంది. అమెరికాలో కార్మికులకు అలాంటి సొంత పార్టీ నిలదొక్కుకోలేదు. శామ్యూల్ గాంపర్స్ లాంటి పెద్ద కార్మిక నాయకుడే ప్రభుత్వ ఆరోగ్య బీమాను వ్యతిరేకించాడు, యూనియన్ బేరమాడి తెచ్చుకోవాలి తప్ప సర్కారు ఇవ్వకూడదని ఆయన వాదన. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జీతాల పెంపు మీద ఆంక్షలుంటే కంపెనీలు ఆరోగ్య బీమా ఎర చూపి పనివాళ్లను పట్టుకున్నాయి. 1945లో ట్రూమన్ అందరికీ బీమా అన్నప్పుడు డాక్టర్ల సంఘం అది సోషలిజమని దేశమంతా ప్రచారం చేసి అడ్డుకుంది. గనుల సంగతీ అంతే. ట్రూమన్ స్వాధీనం చేసుకున్న గనులు 1947లో యజమానుల చేతికి తిరిగి వెళ్లాయి. అదే ఏడాది జనవరి 1న బ్రిటన్ తన గనులను జాతీయం చేసింది.

బ్రిటన్‌ను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. ఇటీవలి ఏళ్లలో ఆస్పత్రి చికిత్స కోసం ఎదురుచూసే జాబితా ఒక్క ఇంగ్లండ్‌లోనే 70 లక్షలు దాటింది. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలుపెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ కూడా లండన్‌లో పుట్టిందే. తన కార్మికుడికి ఇచ్చుకున్నదాన్ని మన కార్మికుడికి ఇవ్వాలని ఆ దేశానికి ఏనాడూ తోచలేదు.

మన దగ్గర

1946లోనే మన దేశంలో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదని చెప్పింది. బెవన్ మాటకు దగ్గరి మాట. 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీకి ఇచ్చిన నిర్వచనంలోంచి గనిని తీసేసింది. గని కార్మికులకు అంతకుముందే 1944లో వేరే సంక్షేమ నిధి పెట్టారు. దానికి ఆదాయం టన్ను బొగ్గు మీద సెస్సు. అంటే లూయిస్ దారి.

సింగరేణిని నిజాం ప్రభుత్వం 1945లోనే కొనేసింది, బ్రిటన్ జాతీయీకరణ కంటే ముందే. యజమాని సర్కారైనా వైద్యం మాత్రం కంపెనీ వైద్యంగానే పెరిగింది. మందమర్రి ఏరియా కార్మికుడికి జబ్బు చేస్తే రామకృష్ణాపూర్ ఏరియా ఆస్పత్రి, పెద్ద జబ్బయితే హైదరాబాద్‌కు రెఫర్. భార్యాపిల్లలకూ అంతే. ఇది పోరాడి తెచ్చుకున్నది, మంచిది, పోనివ్వకూడనిది.

అయితే ఇది బిళ్ల ఉన్నోళ్లకు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇవాళ దాదాపు 40 వేలు. ఓసీలు (ఓపెన్‌కాస్ట్ గనులు) పెరిగాయి, వాటితో పాటు కాంట్రాక్టు పనీ పెరిగింది. మట్టి తీసేవాడు, బండి నడిపేవాడు, కాలనీ ఊడ్చేవాడు కాంట్రాక్టర్ మనుషులు. దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ ఒకేలా పోతుంది, వైద్యపు హక్కు మాత్రం ఒకేలా రాదు. 2024లో సంస్థ లాభాల్లో వాటాగా పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు అందితే, కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు ఇచ్చారు. అదే మొదటిసారి అన్నారు కూడా.

కాంట్రాక్టు వాళ్ల ఇళ్లలో పెద్ద జబ్బుకు దిక్కు ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెరిగింది. ఉద్యోగంతో పని లేకుండా ఇచ్చేది కాబట్టి దాన్ని తక్కువ చేయను. కానీ రోజూ వచ్చే దగ్గుకు, ఆయాసానికి, నడుం నొప్పికి ఆరోగ్యశ్రీ డాక్టరు కాదు.

బాక్స్: ఓటు అమెరికా తీరు, రిజిస్ట్రేషన్ బ్రిటన్ తీరు
ఏడుగురు కలిస్తే యూనియన్ పెట్టుకోవచ్చని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం చెప్పింది. రాజకీయ ఖర్చుకు వేరే నిధి ఉండాలని, దానికి చందా ఇమ్మని ఎవరినీ బలవంతం చేయరాదని కూడా అందులో ఉండేది. ఇది బ్రిటన్‌లో 1913లో వచ్చిన చట్టం పోలిక. సింగరేణిలో 1998 నుంచి జరుగుతున్న గుర్తింపు ఎన్నికలు మాత్రం రహస్య ఓటుతో ఒక సంఘాన్ని ఎన్నుకునేవి. అమెరికాలో 1935 వాగ్నర్ చట్టం తెచ్చిన పద్ధతికి దగ్గరివి. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. కాంట్రాక్టు కార్మికులకు ఇందులో ఓటు లేదు.

బాక్స్: పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు
బొగ్గు ఊళ్ల పిల్లలు డాలస్‌లోనూ ఉన్నారు, లండన్‌లోనూ ఉన్నారు. అమెరికా వెళ్లే అమ్మానాన్నలు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు, పాత జబ్బులు చాలా పాలసీల్లో ఉండవు. షుగరు, బీపీ మందులు సరిపడా వెంట పట్టుకెళ్లండి. బ్రిటన్‌లో ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామంది 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 1,035 పౌన్ల ఆరోగ్య సర్‌చార్జి కట్టి అక్కడి పౌరుల్లాగే వైద్యం పొందుతున్నారు. చుట్టపు చూపుగా వెళ్లేవాళ్లు ఆస్పత్రిలో చేరాల్సి వస్తే బిల్లు తప్పదు. బీమా లేకుండా వెళ్లొద్దు.

పెద్దాయనకు జవాబు చెప్పాను. అమెరికాలో పోయింది, బ్రిటన్‌లో ఉంది అన్నాను. ‘‘మరి మనకు?’’ అన్నాడు.

మనకు ఇంకా తేలలేదు. అది సంఘాల చేతిలో ఉంది. కేకే గనులైనా, శ్రీరాంపూర్ అయినా, గోదావరిఖని అయినా, ఈసారి గేట్ మీటింగ్‌కు ఏ జెండా నాయకుడు వచ్చినా అలవెన్సుల కంటే ముందు ఒక మాట అడగండి: పక్కనే అదే దుమ్ములో పనిచేస్తున్న కాంట్రాక్టు కార్మికుడి ఇంటివాళ్లకు మా ఇంటివాళ్లతో సమానంగా కంపెనీ ఆస్పత్రిలో వైద్యం ఎప్పటి నుంచి? మీకు ఓటుంది, వాళ్లకు లేదు. మీరే అడగాలి.