తాతయ్య రక్తానికి పాత సంగతి ఎలా గుర్తుంది?

"తాతయ్య రెండు రోజులుగా స్వీట్లు ముట్టలేదు. అయినా ఇవాళ తీసిన రక్తం చూసి, మూడు నెలలుగా షుగర్ ఎక్కువుందన్నారు. పాత సంగతి రక్తానికెలా తెలుసు?" అని ఆరో తరగతి పాప అడిగింది. మనం చీటీలో అంకె చూసుకుంటాం గాని, ఈ మాట అడగం.

పెనం మీద దోసె ఎర్రబడుతుంది కదా. పిండిలోని చక్కెరలు, మాంసకృత్తులు వేడికి ఒకదాన్నొకటి పట్టుకోవడమే ఆ రంగుకు ముఖ్య కారణం. మన ఒంటి వేడికీ ఇలాంటి అతుకులాట జరుగుతుంది, బహు నెమ్మదిగా. ఎర్రకణంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ కూడా మాంసకృత్తే. ఈ కణంలోకి చక్కెర వెళ్లడానికి ఇన్సులిన్ సాయం అక్కర్లేదు. అందుకే బయట పెరిగితే లోపలా పెరుగుతుంది, హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. గట్టిగా అంటుకున్నాక ఇక ఊడదు. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, అన్నాళ్ల లెక్కా దాని మీదే ఉంటుంది. మధుమేహుల రక్తంలో ఈ తేడా హిమోగ్లోబిన్‌ను 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహబర్ గమనించారు. హెచ్‌బీఎ1సి అనే పరీక్ష కొలిచేది దాన్నే.

మరి కణం ఆ చెడిన హిమోగ్లోబిన్‌ను తీసేసి కొత్తది చేసుకోలేదా? చేసుకోలేదు. హిమోగ్లోబిన్‌కు చోటివ్వడానికి అది ఎముక మజ్జలో ఉండగానే తన కేంద్రకాన్ని వదిలేసుకుంది. పుట్టినప్పుడు తెచ్చుకున్న సరంజామాతోనే చివరిదాకా బతకాలి. నాకు దాన్ని తలచుకుంటే జాలేస్తుంది.

ఎందుకంటే అది మోసే బరువు మామూలుది కాదు. తడిగాలికి ఇనుప మేకు తుప్పు పట్టడం చూశాం. హిమోగ్లోబిన్‌లోనూ ఇనుముంది, పక్కనే ఆక్సిజనుంది. ఆ ఆక్సిజన్‌లో కాస్త రోజూ దారి తప్పి, తగిలినదాన్నల్లా పాడుచేసే రూపం ఎత్తుతుంది. దాన్ని అణచడానికి కణం దగ్గర గ్లూటాథయోన్ వంటి కాపలాదారులున్నాయి. వాడిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయాలంటే కొంత సరుకు కావాలి. చక్కెర ఎక్కువైతే, దాన్ని సార్బిటాల్‌గా మార్చడానికి ఆ సరుకులోనే కొంత ఖర్చయిపోతుంది. కాపలా తగ్గి, దాడి మిగులుతుంది. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

దెబ్బ ముందు కణం పైపొర మీద కనిపిస్తుంది. తనకన్నా సన్నని రక్తనాళాల్లోంచి ఒళ్లు మడుచుకుని దూరాల్సిన కణం బిరుసెక్కుతుంది. కంటి తెరలో, మూత్రపిండాల్లో, పాదాల్లో రక్తం సాఫీగా సాగకపోవడానికి ఇదీ ఒక కారణం. ముసలి కణాలను జల్లెడ పట్టే ప్లీహం ఇలాంటివాటిని త్వరగా ఏరేస్తుంది. వయసు రాకుండానే ముసలితనం అన్నమాట.

కణాలు త్వరగా పోతే చక్కెర అంటుకునే వ్యవధీ తగ్గి, పరీక్షలో అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపవచ్చు. ఇనుము లోపిస్తే ఎక్కువ చూపవచ్చు. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా డాక్టరుకు చెప్పాలి.

ఇక పాపా, తాతయ్య స్వీట్లు మానిన ఆ రెండు రోజులూ వృథా కాలేదు. వాటి ఫలితం కనబడాలంటే పాత కణాలు పోయి కొత్తవి రావాలి. అవి ఆయన మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల చొప్పున పుడుతూనే ఉన్నాయి.